ఎడమ తలుపు

నాన్న పొగాకు డబ్బాలో ఉంది,
పిన్నీసులకీ ఊడిన చొక్కా గుండీలకీ మధ్య,
నా చిటికెనవేలి గోరంత తలుపు.
ఐస్‌క్రీమ్ వ్యాన్‌ది. ఎడమవైపుది.
మీగడ రంగు, అంచున సన్నటి గులాబీ గీత.

వ్యాన్ మాత్రం నా దగ్గర లేదు.

హల్ ఊళ్లో, ఆసుపత్రి ఏడో అంతస్తులో
రాత్రి డ్యూటీ నాది.
మూడో మంచం ముసలాయన నిద్రపోయాక
ఫోన్ వెలుగు తగ్గించుకుని
వేలానికి పెట్టిన బొమ్మ కార్లు చూస్తుంటాను.
జనం వెతికేది గీత పడనివాటిని,
పెట్టె మూలైనా నలగనివాటిని.
ఏ పిల్లాడూ ముట్టుకోని లారీకి మూడు వందల పౌండ్లు.
ఉత్త అట్టపెట్టెకే అరవై,
లోపల కారు లేదని పెద్ద అక్షరాల్లో రాసి మరీ!

నేను వెతికేది వేరు.
అమ్మేవాళ్లు అట్టడుగున సిగ్గుపడుతూ రాస్తారే
"తలుపు ఊడింది, మన్నించాలి" అని,
ఆ మాట.
ఇన్నేళ్లలో కుడి తలుపు ఊడినవి రెండు కనబడ్డాయి.
రెండు తలుపులూ లేనిది ఒకటి.
వద్దనుకున్నాను.
నేను చేసింది ఒక తలుపంత తప్పే.

డెబ్బై నాలుగులో, వాన వదలని ఒక ఆదివారం.
రోలండ్ నాకంటే ఏడాది పెద్ద,
వ్యాన్ నన్ను తోలనివ్వలేదు.
పంటితో కొరికి పీకేశాను.
ఆ ఇనుప రుచి ఇప్పటికీ
ఎవరి నోట్లోనైనా థర్మామీటర్ పెడుతుంటే
నా నాలిక మీదికొస్తుంది.
వాడు ఇల్లంతా వెతికాడు,
తివాచీ కింద, బొగ్గుల బకెట్లో, పిల్లి పక్కలో.
వాడితో పాటు నేనూ వెతికాను
పిడికిట్లో తలుపుతో.
సోమవారం బళ్లో వ్యాన్‌ని ఏడు గోళీలకి అమ్మేశాడు.

మొన్న చలికాలంలో కనబడింది.
అమ్మేది టాస్మేనియాలో ఎవరో.
చక్రాలు బాగున్నాయి, అద్దం ఉంది,
ఎడమ తలుపు లేదు, మన్నించాలి.
గడువు మా తెల్లవారుజామున నాలుగూ పన్నెండుకి.

వేలంపాట అంటాం గానీ
ఈ పాటలో ఎవరూ గొంతు విప్పరు.
ఒకటోసారి, రెండోసారి అని అరిచే మనిషి లేడు,
బల్ల మీద సుత్తి లేదు.
అంకె మారుతుంది, అంతే.
పన్నెండు, నేను.
పద్నాలుగు, ఎవరో.
ఇరవై, నేను.
ఇంకా నలభై సెకన్లుండగా మూడో మంచం గంట మోగింది.
మంచినీళ్లు కావాలన్నాడాయన.
తల ఎత్తిపట్టి గుక్క గుక్కా తాగించాను.
తొందరపెట్టలేదనే అనుకుంటున్నాను.
తిరిగొచ్చేసరికి
ఇరవై రెండు దగ్గర పాట ముగిసింది.

అమ్మినావిడ ద్వారా కబురు పెడితే
గెలిచినవాడు జవాబిచ్చాడు.
కిర్కాల్డీలో గడియారాలు బాగుచేస్తాడట, పేరు ఫార్క్వార్.
"నాక్కావలసింది చక్రాలే.
డొల్ల నువ్వు తీసుకో, పోస్టు ఖర్చులు చాలు."
బేరం పోగొట్టుకున్నదానికి
కొసరు దక్కింది.

ఏడు వారాలకి వచ్చింది.
వంటింటి తువాలు మీద పెట్టాను.
చక్రాల్లేని వ్యాన్, బోర్లించిన సబ్బుపెట్టెలా.
తలుపు ఒక్క నొక్కుకే పట్టేసింది,
కీలు కిర్రుమనలేదు కూడా.
రంగే కలవలేదు.
ఎవరింటి కిటికీలోనో అన్నేళ్ల ఎండ తాగి
అది పాత పళ్లలా పచ్చబడింది.
నా తలుపు మాత్రం
ఇంకా ఆ ఆదివారంలోనే ఉంది.

రోలండ్ రెండు వీధుల అవతలే ఉంటాడు.
ఫోన్ చేసి అంతా చెప్పేశాను,
కొరకడం, దాచడం, వాడితో కలిసి వెతకడం.
వెనకాల టీవీలో రగ్బీ గోల.
"ఏ వ్యాన్?" అన్నాడు.
కాసేపాగి,
"ఆ గోళీలు గుర్తున్నాయి.
ఆకుపచ్చది ఒకటి పోయింది అందులో.
అదీ నువ్వేనా?"

డబ్బా బల్ల మీద బోర్లించి
ఒక్కో గుండీ పక్కకి తోస్తున్నాను.